నరాల ట్యూమర్లు: కత్తి పట్టేముందు జరగాల్సినవి

నరాల కణజాలంలో పుట్టే అరుదైన ట్యూమర్ల గురించి పెద్దవాళ్ల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఈ జబ్బుల్లో ఏది ముందు చేశారు, ఏది తర్వాత చేశారు అన్నదాన్ని బట్టే చాలాసార్లు ఫలితం ఉంటుంది. వేళ కాని వేళ చేస్తే మంచి మందు, మంచి పరీక్ష కూడా ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే వరస గురించి ఎక్కువగా రాస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. రెండేళ్లుగా బీపీ ఒకసారి 200 దాటుతోంది, గంట తర్వాత మామూలుగా ఉంటోంది. ఆ సమయంలో తలనొప్పి, ఒళ్లంతా చెమట, గుండె దడ. దడ తగ్గడానికని బీటా బ్లాకర్ రాశారు, దాంతో ఇంకా ఎక్కువైంది. కడుపు సీటీ తీస్తే కుడి అడ్రినల్ గ్రంథిలో 4 సెంటీమీటర్ల గడ్డ కనపడింది. సూదితో ముక్క తీసి చూద్దామని ఒకరు, వచ్చే వారమే ఆపరేషన్ చేద్దామని ఇంకొకరు అంటున్నారు. ఏది సరి?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. సూది సంగతి మరీ వద్దు.

మీరు రాసిన తలనొప్పి, చెమట, దడ మూడూ కలిసి వచ్చి పోతుంటే, అడ్రినల్‌లో గడ్డ కూడా ఉంటే మొదట అనుమానించాల్సింది ఫియోక్రోమోసైటోమా (ఫియో) అనే ట్యూమర్‌ని. అడ్రినల్ గ్రంథి లోపలి భాగం నరాల కణజాలానికి చుట్టమే. అక్కడి కణాలు అడ్రినలిన్, నారడ్రినలిన్ తయారుచేస్తాయి. అదే రకం ట్యూమర్ అడ్రినల్ బయట, మెడలోనో వెన్నెముక పక్కనో పుడితే పారాగాంగ్లియోమా అంటారు. సూది గుచ్చినా, ఆపరేషన్‌లో గట్టిగా కదిపినా ఆ హార్మోన్లు ఒక్కసారిగా రక్తంలోకి వస్తాయి. బీపీ పట్టపగ్గాల్లేకుండా పెరిగి మెదడులో రక్తస్రావం, గుండె లయ తప్పడం జరగొచ్చు. ఇది ఫియో కాదని రక్తపరీక్షతో తేలేదాకా అడ్రినల్ గడ్డలోకి సూది దించకూడదు.

మొదటి పని రక్తంలో ప్లాస్మా ఫ్రీ మెటనెఫ్రిన్స్ (ఆ హార్మోన్లు విరిగి తయారయ్యే పదార్థాలు) పరీక్ష, లేదా 24 గంటల మూత్రంలో మెటనెఫ్రిన్స్. రక్తం ఇచ్చేముందు 20 నుంచి 30 నిమిషాలు వెల్లకిలా పడుకుని ఉండాలి, పడుకునే రక్తం ఇవ్వాలి. చాలాచోట్ల కుర్చీలో కూర్చోబెట్టి తీసేస్తారు. అలా తీస్తే నార్‌మెటనెఫ్రిన్ ఉత్తినే పెరిగినట్టు కనపడి, లేని జబ్బు ఉన్నట్టవుతుంది. అమిట్రిప్టిలిన్ లాంటి డిప్రెషన్ మందులు, వెన్‌లాఫాక్సిన్ తరహా మందులు, ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ కూడా లెక్క తప్పిస్తాయి. కొన్ని ల్యాబుల పద్ధతిలో పారాసెటమాల్ కూడా అడ్డొస్తుంది. మీరు వాడుతున్న ప్రతి మందూ రాసి ఇవ్వండి, మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ఫలితం మామూలు గరిష్ఠ హద్దుకు 3, 4 రెట్లు దాటితే ఇక అనుమానం దాదాపు ఉండదు. కొద్దిగా మాత్రమే పెరిగితే సరైన పద్ధతిలో మళ్లీ చేయించాలి. సీటీ రిపోర్టులో, రంగు మందు ఎక్కించకముందు గడ్డ సాంద్రత ఎన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లో చూడండి. గడ్డంతా ఒకే తీరుగా ఉండి 10 లోపే ఉంటే అది ఫియో అయ్యే అవకాశం చాలా తక్కువ.

ఇక మందుల వరస. బీటా బ్లాకర్‌తో ఎందుకు ఎక్కువైందో చూడండి. అడ్రినలిన్ రక్తనాళాలను ఆల్ఫా రిసెప్టర్ల ద్వారా బిగిస్తుంది, బీటా రిసెప్టర్ల ద్వారా కొన్నింటిని వదులు చేస్తుంది. ఆ వదులు చేసే దారిని ముందుగా మూసేస్తే బిగింపు ఒక్కటే మిగులుతుంది, బీపీ పైకి ఎగబాకుతుంది. అందుకే ముందు ఆల్ఫా బ్లాకర్, అది బాగా పనిచేశాక, సాధారణంగా 3, 4 రోజుల తర్వాత, దడ ఇంకా ఉంటేనే బీటా బ్లాకర్. ల్యాబెటలాల్ రెండు పనులూ చేస్తుంది కదా అని దాంతో మొదలుపెట్టడం కూడా పొరపాటే. దాని బీటా పని ఆల్ఫా పనికంటే చాలా ఎక్కువ. బీటా బ్లాకర్ వల్లే పెరిగిందన్న విషయం ఈ రోజే మీ డాక్టరుకు చెప్పండి.

ఆపరేషన్‌కు ముందు ఆల్ఫా బ్లాకర్ 7 నుంచి 14 రోజులు వాడాలి. ఫినాక్సీబెంజమిన్ అయితే 10 మిల్లీగ్రాములతో రోజుకు ఒకటి రెండుసార్లు మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి పెంచుతారు. డాక్సాజోసిన్ కూడా వాడతారు. కూర్చున్నప్పుడు బీపీ 130/80 లోపు ఉండాలి, లేచి నిలబడితే పై అంకె 90 కంటే తగ్గకూడదు. ముక్కు దిబ్బడ వేస్తుంది, లేవగానే తల తిరుగుతుంది. అవి మందు పనిచేస్తున్న గుర్తులే, భయపడి ఆపకండి. ఆల్ఫా బ్లాకర్ మొదలైన రెండు మూడు రోజుల నుంచి ఉప్పు, నీళ్లు బాగా తీసుకోమంటారు. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు పెంచమనడం వింతగా అనిపించొచ్చు. ఏళ్ల తరబడి బిగిసి ఉన్న రక్తనాళాల్లో రక్తం పరిమాణం తగ్గిపోయి ఉంటుంది. ట్యూమర్ తీసేసిన నిమిషాన నాళాలు వదులవుతాయి. ముందే నింపుకోకపోతే బీపీ కుప్పకూలుతుంది. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు మాత్రం ఈ సలహా డాక్టరు లెక్క చూసి ఇవ్వాలి. ఆపరేషన్‌కు ముందు ఈ మందులు వాడే రోజుల్లో వాంతులకు మెటోక్లోప్రమైడ్, అధిక మోతాదు స్టిరాయిడ్లు, జలుబు మాత్రలు తీసుకోవద్దు. ఇవి బీపీ ఒక్కసారిగా పెరిగే దాడిని రేపగలవు.

గడ్డ 6 సెంటీమీటర్ల లోపుంటే ఎక్కువగా లాపరోస్కోపీతో తీస్తారు. మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ జబ్బుతో అనుభవం ఉందా అని అడగడం సర్జన్ అనుభవం అడగడమంత ముఖ్యం. తర్వాత ఒకటి రెండు రోజులు బీపీతోపాటు షుగరు కూడా పడిపోవచ్చు కాబట్టి గంటల లెక్కన చూడాలి. 2 నుంచి 6 వారాల్లో మెటనెఫ్రిన్స్ మళ్లీ చేయించి, అంతా వచ్చేసిందని నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత కనీసం పదేళ్లు, ఏటా ఒకసారి. సూక్ష్మదర్శినిలో ఎంత నెమ్మదస్తురాలిలా కనపడినా, వీటన్నింటికీ పాకే శక్తి ఉందనే 2017 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ నుంచి పరిగణిస్తున్నారు.

జన్యు పరీక్ష ప్రతి ఒక్కరికీ చేయించాలి, ఇంట్లో ఎవరికీ లేకపోయినా. దాదాపు 30 నుంచి 40 శాతం మందిలో పుట్టుకతో వచ్చిన జన్యు లోపం దొరుకుతుంది. ఎస్‌డీహెచ్‌బీ అనే జన్యువులో లోపం ఉంటే పాకే ప్రమాదం ఎక్కువ కాబట్టి జీవితాంతం స్కాన్లు కావాలి. ఆర్‌ఈటీ అయితే థైరాయిడ్ చూడాలి. వీహెచ్‌ఎల్ అయితే కన్ను, మెదడు, కిడ్నీ చూడాలి. లోపం దొరికితే తోబుట్టువులకూ పిల్లలకూ ఆ ఒక్క జన్యువునే పరీక్షిస్తే సరిపోతుంది. పాకిపోయిన, తీయడానికి వీల్లేని వాటికి 2025 మేలో అమెరికా ఎఫ్‌డీఏ బెల్జుటిఫాన్ అనే మాత్రను అనుమతించింది. రేడియో ధార్మిక మందులు, కీమో కూడా ఉన్నాయి. మీ పరిస్థితి అక్కడిదాకా లేదు.

ప్రశ్న: ముంజేతిలో గోళీకాయంత గడ్డ ఉంది. తట్టితే బొటనవేలి దాకా షాక్ కొట్టినట్టు జిల్లుమంటుంది. కొవ్వు గడ్డే, పది నిమిషాల్లో తీసేస్తానని సర్జన్ అంటున్నారు. తీయించుకోమంటారా?

జవాబు: ఎంఆర్‌ఐ తీయకుండా వద్దు. తట్టితే నరం పోయే దారంతా జిల్లుమంటే ఆ గడ్డ నరంలోనే ఉందనుకోవాలి. ఇంకో పరీక్ష మీరే చేసి చూడొచ్చు. నరానికి అడ్డంగా అటూ ఇటూ కదులుతూ, నరం పొడవునా పైకీ కిందకీ కదలకపోతే అది దాదాపు నరం గడ్డే. కొవ్వు గడ్డకు ఈ తేడా ఉండదు.

పెద్దవాళ్లలో ఒంటరిగా కనిపించే ఇలాంటి గడ్డ ఎక్కువగా ష్వానోమా అవుతుంది. నరపు తీగలకు పొర కట్టే ష్వాన్ కణాల నుంచి పుట్టే మంచి రకం (క్యాన్సర్ కాని) ట్యూమర్ ఇది. తీగల కట్టలను ఒక పక్కకు నెట్టి, తన సొంత పొరలో పెరుగుతుంది. కాబట్టి పొరను నరం పొడవునా, తీగలు లేని చోట చీల్చి గడ్డను ఒలిచి తీయొచ్చు, నరం మిగులుతుంది. న్యూరోఫైబ్రోమా అలా కాదు. పీచులో గుజ్జు ఇరుక్కున్నట్టు తీగలు దాని మధ్యలోంచే పోతాయి, విడదీయడం కష్టం. ఎంఆర్‌ఐలో గడ్డ రెండు కొసల నుంచీ నరం తోకలా రావడం, మధ్యలో ఒక రంగు, అంచున ఇంకో రంగుతో గురి చూసే వలయంలా కనపడటం నరం గడ్డ గుర్తులు. అయితే ష్వానోమానా, న్యూరోఫైబ్రోమానా అన్నది స్కాన్ ఎప్పుడూ కచ్చితంగా చెప్పలేదు.

కొవ్వు గడ్డ అనుకుని తీసేటప్పుడు జరిగే అనర్థం ఏమిటంటే, గడ్డతోపాటు నరాన్నీ రెండు వైపులా కోసి తీసేయడం. మెలకువ వచ్చేసరికి బొటనవేలు పనిచేయదు. అందుకని ఆపరేషన్ చేతి నరాల శస్త్రచికిత్స తెలిసినవారి దగ్గరే చేయించుకోండి. మైక్రోస్కోపు లేదా భూతద్దాల కళ్లజోడు, నరాన్ని కరెంటుతో తాకి చూసే స్టిములేటర్ ఉండాలి. గడ్డ పుట్టిన ఒక్క తీగ సాధారణంగా పనిచేయనిదే అయి ఉంటుంది, దాన్ని వదులుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు తిమ్మిరి ఉండటం మామూలే. పూర్తిగా వచ్చేస్తే మళ్లీ రావడం అరుదు.

సూది పరీక్ష కూడా అందరికీ అక్కర్లేదు. నరంలోకి గుచ్చితే విపరీతమైన నొప్పి, కొత్తగా తిమ్మిరి రావచ్చు, లోపల మచ్చ కట్టి తర్వాత ఒలవడం కష్టమవుతుంది. లోతుగా ఉండి 5 సెంటీమీటర్లు దాటినా, వేగంగా పెరుగుతున్నా, విశ్రాంతిలోనూ నొప్పి ఉన్నా, బలం తగ్గుతున్నా అప్పుడు సూది తప్పదు. చిన్నదై, నొప్పి లేకపోతే 6 నుంచి 12 నెలలకోసారి ఎంఆర్‌ఐతో కనిపెట్టుకుని ఉండటం కూడా సరైన వైద్యమే.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఒంటినిండా కాఫీ రంగు మచ్చలు, చర్మం మీద మెత్తని బుడిపెలు ఉన్నాయి. న్యూరోఫైబ్రోమటోసిస్ టైప్ 1 అని చెప్పారు. తొడ వెనకాల ఎప్పటి నుంచో ఉన్న గడ్డ మూడు నెలలుగా రాత్రిళ్లు నిద్ర లేపేంత నొప్పి పెడుతోంది. నొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్నాను.

జవాబు: మాత్రలతో నెట్టుకురావద్దమ్మా, ఈ వారంలోనే చూపించుకోండి. మీ జబ్బు ఉన్నవాళ్లలో మెత్తగా, నెమ్మదిగా ఉన్న పాత గడ్డ స్వభావం మారడం తీవ్రంగా తీసుకోవాల్సిన విషయం. నిద్రలోనూ తగ్గని నొప్పి, వేగంగా పెరగడం, మెత్తటిది రాయిలా గట్టిపడటం, కాలు బలం తగ్గడం లేదా కొత్త తిమ్మిరి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా నరపు పొరలో పుట్టే చెడ్డ ట్యూమర్ లేదని తేల్చుకోవాలి. దాని పేరు ఎంపీఎన్‌ఎస్‌టీ. టైప్ 1 ఉన్నవాళ్లలో జీవితకాలంలో ఇది వచ్చే అవకాశం సుమారు 8 నుంచి 13 శాతం. అంటే ఎక్కువమందికి రాదు, కానీ మూడు నెలల నొప్పిని వదిలేసేంత తక్కువేమీ కాదు.

ముందు తొడ ఎంఆర్‌ఐ, ఆపైన ఎఫ్‌డీజీ పెట్ సీటీ (చక్కెర లాంటి మందు ఎక్కడ ఎక్కువ చేరిందో వెలుగుగా చూపే స్కాన్). పెట్‌లో ఆ మందును గడ్డ ఎంత పట్టిందో చెప్పే ఎస్‌యూవీ అనే అంకె 3.5 దాటితే అనుమానం పెరుగుతుంది, అయితే మంచి గడ్డలు కూడా కొన్ని ఆ హద్దు దాటుతాయి. అంకె చూసి కాలు కోయరు, అంకె చూసి ఊరుకోరు. గడ్డలో ఎక్కువగా వెలిగిన చోటు నుంచే స్కాన్ సాయంతో మందపాటి సూదితో ముక్క తీయాలి. ఒకే గడ్డలో ఒక మూల మంచిది, ఇంకో మూల చెడ్డది ఉండొచ్చు కాబట్టి గుడ్డిగా గుచ్చిన సూది తప్పుడు భరోసా ఇస్తుంది. సూది ఎటువైపు నుంచి వెళ్లాలో తర్వాత ఆపరేషన్ చేసే సర్జనే చెప్పాలి, ఆ దారిని కూడా తర్వాత కలిపి తీసేయాల్సి రావచ్చు. ఏముందో తెలియకుండా గడ్డను తీసేసి పరీక్షకు పంపడం ఇక్కడ అన్నింటికంటే పెద్ద తప్పు. ట్యూమర్ కణాలు చుట్టూ చిందితే రెండో ఆపరేషన్ చాలా పెద్దదవుతుంది.

పెథాలజిస్టు (కణజాలం ముక్కను పరీక్షించే డాక్టరు) హెచ్3కే27ఎంఈ3 అనే గుర్తును రంగు పరీక్షతో చూశారా అని అడగండి. ఎంపీఎన్‌ఎస్‌టీల్లో చాలావాటిలో అది పూర్తిగా మాయమవుతుంది. మాయం కాకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు. మంచికీ చెడుకూ మధ్యనున్న మార్పు దశ కూడా ఒకటుంది. అలా వస్తే నరాన్ని కాపాడుతూ గడ్డ తీసేసి కనిపెట్టుకుని ఉండొచ్చు.

చెడ్డదే అని తేలితే ఛాతీ సీటీ తీస్తారు, ఇది మొదట ఊపిరితిత్తులకే పాకుతుంది. అసలు వైద్యం చుట్టూ ఆరోగ్యకరమైన కణజాలం అంచుతో సహా మొత్తం తీసేయడం. పెద్దదైతే ఆపరేషన్‌కు ముందు 5 వారాల్లో 25 విడతలుగా 50 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇస్తారు. దీంతో స్థానికంగా మళ్లీ రావడం తగ్గుతుంది, అయితే గాయం మానడం ఆలస్యమవుతుంది. డాక్సోరుబిసిన్, ఐఫోస్ఫమైడ్ కీమోకు ఇది అంత బాగా లొంగదు, అయినా పెద్ద ట్యూమర్లలో ప్రయత్నిస్తారు. తొడ వెనక పెద్ద నరాన్నే తీసేయాల్సి వచ్చినా కాలు తీసేయడం తప్పనిసరి కాదు. పాదం వాలిపోతుంది, మడమకు పట్టీ వేసుకుని నడవొచ్చు.

నొప్పి సంగతి ఎలా తేలినా, టైప్ 1 ఉన్న ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పు చిన్న వయసులోనే ఎక్కువ. 30 ఏళ్ల నుంచి ఏటా మామోగ్రామ్ చేయించుకోవాలి. బీపీ కూడా చూపించుకోండి. పై ప్రశ్నలోని ఫియో మీ జబ్బులోనూ వస్తుంది కాబట్టి, బీపీ ఎక్కువుంటే ఏ ఆపరేషన్‌కైనా ముందు మెటనెఫ్రిన్స్ చూడాలి.

ప్రశ్న: వేరే పనికి స్కాన్ తీస్తే వెన్నెముక పక్కన గాంగ్లియోన్యూరోమా అని వచ్చింది. ఏ బాధా లేదు. తీసేయాలా?

జవాబు: ఇది పూర్తిగా పరిణతి చెందిన నరాల కణాల మంచి ట్యూమర్. స్కాన్ ఒక్కదాన్నే నమ్మి పేరు పెట్టకూడదు. అక్కడ పారాగాంగ్లియోమా కూడా పుట్టొచ్చు కాబట్టి ముందు మెటనెఫ్రిన్స్ మామూలుగా ఉన్నాయని చూసి, ఆ తర్వాతే సూదితో నిర్ధారించాలి. నిర్ధారణ అయ్యాక, పెద్ద రక్తనాళాలను చుట్టుకుని ఉండి బాధ పెట్టకపోతే కొంతకాలానికోసారి స్కాన్ చేస్తూ ఉండటమే మేలు. సులువుగా వచ్చేదైతే తీయించుకోవచ్చు. అంచు కాస్త మిగిలిపోయినా సాధారణంగా నష్టం ఉండదు.

ప్రశ్న: మా ఆయనకు 52. ఆరు నెలలుగా ఎడమ ముక్కు మూసుకుపోయి అప్పుడప్పుడు రక్తం వస్తోంది, వాసన తెలియడం లేదు. పాలిప్ అనుకుని ముక్క తీస్తే ‘చిన్న నీలి గుండ్రటి కణాల ట్యూమర్, ఆల్ఫాక్టరీ న్యూరోబ్లాస్టోమా కావచ్చు’ అని రాశారు. రేపే కీమో మొదలుపెడదామంటున్నారు.

జవాబు: ‘కావచ్చు’ అన్న మాట దగ్గర ఆగాలి. ముక్కు పైకప్పులో వాసన నరాల పొర నుంచి పుట్టే ఈ ట్యూమర్‌లాగే సూక్ష్మదర్శినిలో కనిపించేవి ఇంకా చాలా ఉన్నాయి: లింఫోమా, మెలనోమా, రాబ్డోమయోసార్కోమా, న్యూరోఎండోక్రైన్ కార్సినోమా, ఇంకా ఏ రకమో పోల్చలేని మొండి కార్సినోమా. ఒక్కోదానికి వైద్యం వేరు. పారాఫిన్ బ్లాకులను (ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మెలు), స్లైడ్లను తీసుకుని తల, మెడ ట్యూమర్లు ఎక్కువగా చూసే పెథాలజిస్టుకు పంపండి. రంగు పరీక్షల్లో సినాప్టోఫిజిన్, క్రోమోగ్రానిన్ పాజిటివ్ ఉండటం, కణాల గుంపుల అంచున ఎస్100 పట్టడం, కెరటిన్ లేకపోవడం లేదా చాలా తక్కువగా ఉండటం ఈ ట్యూమరే అనడానికి గుర్తులు. రిపోర్టులో, కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే హైమ్స్ గ్రేడ్ 1 నుంచి 4లో ఏదో రాసి ఉండాలి. గ్రేడును బట్టి వైద్యం మారుతుంది.

సీటీ, ఎంఆర్‌ఐ రెండూ కావాలి. ముక్కుకూ మెదడుకూ మధ్యనున్న జల్లెడ లాంటి ఎముక తిన్నదా అన్నది సీటీ చెబుతుంది, మెదడు పొర దాటిందా అన్నది ఎంఆర్‌ఐ చెబుతుంది. మెడను మర్చిపోకూడదు, అక్కడి లింఫ్ గ్రంథులకు పాకే గుణం దీనికుంది. ఎంత వ్యాపించిందో కాడిష్ దశల్లో చెబుతారు: ముక్కులోనే ఉంటే ఏ, సైనసుల్లోకి వెళ్తే బీ, ఆపైకి పోతే సీ, మెడ గ్రంథులకో దూరానికో పాకితే డీ.

ఎక్కువమందిలో ముందు ఆపరేషన్, తర్వాత రేడియేషన్. ముక్కు ద్వారా ఎండోస్కోపుతో ఆ ఎముకనూ, మెదడు పొరనూ, అవసరమైతే వాసన నరం ఉబ్బునూ కలిపి తీసి, ముక్కు లోపలి పొరతోనే రంధ్రం మూస్తారు. గ్రేడ్ ఎక్కువైనా, బాగా వ్యాపించినా కీమో ముందు రావచ్చు. ఆపరేషన్ తర్వాత వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారడం, గొంతులో ఉప్పగా అనిపించడం మెదడు ద్రవం లీకు గుర్తు. జ్వరం, మెడ పట్టేయడం దానికి తోడైతే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. రేడియేషన్ సుమారు 60 గ్రేలు, ఆరు వారాలు పడుతుంది. మొదలుపెట్టే ముందు పళ్లు, కళ్లు చూపించండి.

వాసన తిరిగి రాకపోవచ్చు. వంటగదిలో గ్యాస్ లీకు తెలిపే అలారం పెట్టుకోండి. ఇది పదేళ్ల తర్వాత కూడా మెడలో తిరగబెట్టగలదు. అయిదేళ్లు గడిచాయి కదా అని చెకప్‌లు మానేస్తే చేజేతులా ప్రమాదం తెచ్చుకున్నట్టే.

ప్రశ్న: మా తమ్ముడికి 29. కడుపులో గడ్డకు బయాప్సీ చేస్తే న్యూరోబ్లాస్టోమా అన్నారు. అది చిన్నపిల్లల క్యాన్సర్ కదా? పిల్లల డాక్టరు దగ్గరికి పొమ్మంటున్నారు, పొరపాటేమో అనిపిస్తోంది.

జవాబు: పొరపాటు కాదు, మంచి సలహా. ముందు పై జవాబులో చెప్పినట్టే స్లైడ్లు రెండో పెథాలజిస్టు చూడాలి. నిజమే అని తేలితే, ఈ జబ్బుకు వాడే మందుల వరస అంతా పిల్లల క్యాన్సర్ వైద్యుల చేతుల్లోనే రూపుదిద్దుకుంది. వాళ్లూ పెద్దల ఆంకాలజిస్టూ కలిసి చూస్తేనే సరిపోతుంది.

పెద్దల్లో ఇది పిల్లల్లోలా ఉండదు. పిల్లల్లో ప్రమాదాన్ని సూచించే ఎంవైసీఎన్ జన్యువు కాపీల పెరుగుదల పెద్దల్లో అరుదు, ఏటీఆర్‌ఎక్స్, ఏఎల్‌కే జన్యువుల్లో మార్పులు ఎక్కువ. నెమ్మదిగా నడుస్తుంది, కానీ మందులకు మొండికేస్తుంది. ఎంవైసీఎన్ లేదు కాబట్టి తక్కువ ప్రమాదం అని ఎవరైనా అంటే నమ్మవద్దు, అయిదేళ్లు దాటిన వయసులో న్యూరోబ్లాస్టోమా కణాలు ఎలా కనపడినా ప్రతికూల వర్గంలోనే లెక్కిస్తారు. ట్యూమర్‌లో ఏఎల్‌కే పరీక్ష అడగండి, ఆ మార్పు ఉంటే లోర్లాటినిబ్ లాంటి మాత్రలు పనికొస్తాయి.

ఈ ట్యూమర్ హార్మోన్లు విరిగి మూత్రంలోకి వచ్చే హెచ్‌వీఏ, వీఎంఏ అనే పదార్థాలు మామూలుగా వచ్చినా జబ్బు లేదని కాదు, పెద్దల్లో చాలామందికి పెరగవు. ఎంఐబీజీ స్కాన్‌కు (ఈ రకం ట్యూమర్ కణాలు పట్టుకునే రేడియో ధార్మిక మందుతో తీసేది) ముందు థైరాయిడ్‌ను కాపాడటానికి అయోడిన్ మందు ఇస్తారు, ల్యాబెటలాల్, సూడోఎఫెడ్రిన్ లాంటివి డాక్టరు చెప్పినన్ని రోజులు ఆపాలి. గడ్డ ఎంఐబీజీని పట్టకపోతే ఎఫ్‌డీజీ పెట్ తీస్తారు. ఎముక మజ్జ తుంటి రెండు వైపుల నుంచీ తీయాలి, ఒకవైపు తీస్తే తప్పిపోవచ్చు.

ఒకేచోట ఉండి తీయగలిగినది ఆపరేషన్‌తో మొదలవుతుంది. పాకినదైతే కీమో, ఆపరేషన్, అధిక మోతాదు కీమోతో సొంత మూలకణాల మార్పిడి, రేడియేషన్, ఆ తర్వాత ట్యూమర్ కణాల మీదుండే జీడీ2 అనే పదార్థం మీద పనిచేసే యాంటీబాడీ, ఐసోట్రెటినోయిన్. పిల్లలు తట్టుకునే మోతాదులను పెద్దల శరీరం అంతగా తట్టుకోదు. విన్‌క్రిస్టిన్‌తో చేతులు, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, సిస్‌ప్లాటిన్‌తో వినికిడి, కిడ్నీలు దెబ్బతింటాయి, జీడీ2 యాంటీబాడీతో నరాల నొప్పి మార్ఫిన్ ఇవ్వాల్సినంత ఉంటుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడా, చెవుల్లో హోరుందా అని ప్రతి విడతకూ ముందు అడిగి డాక్టరుకు చెప్పండి. మోతాదు సర్దడానికి అప్పుడే వీలుంటుంది.

ఒకటి మాత్రం మొదటి కీమో సూది పడకముందే జరగాలి: వీర్యం భద్రపరచడం. రెండు మూడు రోజుల పని. ఆ సంగతి డాక్టరు ఎత్తకపోతే మీరే ఎత్తండి.